రాత్రి రెండు గంటల లెక్క

బిలాస్‌పూర్‌లో తోర్వా వైపు ఒక సందు. అందులో రెండు వాటాల ఇల్లు. కింద వాటాలో రైల్వేలో గూడ్స్ గార్డుగా పనిచేసి 2012లో రిటైరైన పెద్దాయన, ఆయన భార్య ఉంటారు. పై వాటాలో శ్రీకాకుళం జిల్లా నుంచి ఉద్యోగానికి వచ్చిన అసిస్టెంట్ లోకో పైలట్, అతని భార్య, ఏడో తరగతి చదివే కూతురు. రెండు వాటాలకూ కలిపి ఒకటే ఇంటర్నెట్ కనెక్షన్. నెలకు 399 రూపాయల ప్లాను, దాని మీద 18 శాతం జీఎస్టీ, వెరసి 471. ఆ 471లో ఎవరి వాటా ఎంత అన్నదే రెండు నెలలుగా ఆ ఇంట్లో నలుగుతున్న సమస్య.

డబ్బు పెద్దది కాదు. కానీ పెద్దాయన ముప్పై అయిదేళ్లు వ్యాగన్ల లెక్క రాసిన మనిషి. లెక్క తేలకపోతే ఆయనకు నిద్ర పట్టదు. పై వాటా ఇల్లాలికి కూడా అంతే. జీతం రాగానే ఊరికి పంపాల్సింది పక్కన పెట్టి, మిగిలిన దాన్ని రూపాయి రూపాయి పంచుకునే సంసారం ఆమెది. కనెక్షన్ ఆ ఇంటి వాడకానికి మాత్రమేనని కంపెనీ ఇచ్చిన కాగితంలో చిన్న అక్షరాలతో ఉంది. పై వాటా ఆ ఇంట్లోకి వస్తుందా రాదా అని మాత్రం ఇంతవరకు ఎవరూ ఎవరినీ అడగలేదు.

గొడవ మొదలైంది సాయంత్రాల్లో. రాత్రి ఏడున్నర దాటితే ఆ ఇంట్లో ఇంటర్నెట్ పండగ ముందటి జనరల్ బోగీలా తయారవుతుంది. పైన పిల్లకు ఆన్‌లైన్ ట్యూషన్, తల్లికి ఫోనులో వంటల వీడియోలు. కింద పెద్దావిడకు తెలుగు సీరియల్. ఎనిమిదింటికి విశాఖపట్నం నుంచి మనవరాలి వీడియో కాల్. సందులో మిగతా ఇళ్లలోనూ అదే వేళకు అదే వరస. మనవరాలు స్కూల్లో నేర్చుకున్న పాట ఎత్తుకోగానే తెరమీద ఆమె మొహం నోరు తెరిచినట్టే ఆగిపోతుంది. పాట మళ్లీ మొదలయ్యేసరికి పిల్లకు ఉత్సాహం పోతుంది. పెద్దావిడ కళ్లజోడు తీసి తుడుచుకుంటుంది. రాత్రి పది దాటాక అదే కనెక్షన్ మీద అన్నీ చకచకా వస్తాయి. అయితే ఆ వేళకు మనవరాలు నిద్రపోతుంది.

దాంతో పెద్దాయన రౌటర్ కంపెనీ యాప్ తెరిచారు. ఏ ఫోను ఎంత వాడిందో అందులో కనిపిస్తుంది. నెలలో మొత్తం వాడకం 210 జీబీ. కింద వాటా 50, పై వాటా 160. ఆ లెక్కన 471 రూపాయల్లో పైవాళ్లు 359 ఇవ్వాలి, కిందవాళ్లు 112. నోట్‌బుక్‌లో అలాగే రాసి, మర్నాడు మెట్ల దగ్గర ఆమెకు చూపించారు. అప్పటిదాకా సగం సగం కట్టేవాళ్లు.

ఆమె లెక్క చూసి కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఒక్క మాట అడిగింది. ‘‘మావయ్యగారూ, అందులో ఎక్కువ భాగం మా ఆయన దింపుకునే సినిమాలే కదా. ఆయన డ్యూటీ దిగి వచ్చేది రాత్రి రెండింటికి. అప్పుడు మీరంతా పడుకునుంటారు. ఆ వేళప్పుడు ఎంత వాడితే మాత్రం మీకేటి అడ్డం?’’

పెద్దాయన దగ్గర దీనికి సమాధానం లేకపోవడానికి కారణముంది. సరిగ్గా ఇదే వాదన ఆయన 2007లో తన కొడుకు తరఫున తన భార్యతో చేశారు.

ఆ కథకు ముందు ఈ ఊళ్లో తెలుగువాళ్లు ఎందుకున్నారో చెప్పుకోవాలి. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే 1890 ప్రాంతంలో నాగ్‌పూర్ నుంచి అసన్‌సోల్ వైపు లైను వేసినప్పుడు బిలాస్‌పూర్ రైలు పటంలోకెక్కింది. ఖరగ్‌పూర్‌కు వెళ్లినట్టే ఇక్కడికీ ఉత్తరాంధ్ర జిల్లాల నుంచి జనం పనికోసం వచ్చారు. తర్వాతి కాలంలో వాల్తేరు, బిలాస్‌పూర్ డివిజన్లు రెండూ ఆగ్నేయ రైల్వే కిందే ఉండేవి కాబట్టి రాకపోకలు తెగలేదు. 2003 ఏప్రిల్‌లో బిలాస్‌పూర్ కేంద్రంగా ఆగ్నేయ మధ్య రైల్వే జోన్ వేరుపడి, వాల్తేరు తూర్పు కోస్తా జోన్‌లోకి పోయాక కూడా బంధుత్వాలు పట్టాల మీదుగానే సాగుతున్నాయి. కోర్బా–విశాఖపట్నం ఎక్స్‌ప్రెస్‌లో ఊరగాయ జాడీలు వస్తాయి, తిరుపతి బండిలో మొక్కులు వెళ్తాయి. ఇంట్లో తెలుగు, బజారులో హిందీ, కూరగాయల బేరంలో ఛత్తీస్‌గఢీ. మూడో తరానికి తెలుగు మాట మిగిలింది గానీ రాత చాలావరకు పోయింది. అలాంటి ఇళ్లలో అమ్మమ్మ, నాయనమ్మలకు వీడియో కాల్ వినోదం కింద లెక్క కాదు. మనవలకు తెలుగు చెవినపడే దారి అదొక్కటే.

పెద్దాయన నోట్‌బుక్‌లో ఇంటర్నెట్ ఖర్చు 2001 నుంచీ ఉంది. అప్పుడు ఫోను తీగతోనే డయలప్. సంచార్‌నెట్ గంటల ప్యాకెట్ కొనాలి. ఆ పైన లైనులో ఉన్నంతసేపూ మూడు నిమిషాలకొక లోకల్ కాల్ చొప్పున ఫోను బిల్లు పెరుగుతుంది. ఒకే పనికి రెండు మీటర్లు తిరిగేవి. కొడుకు కంప్యూటర్ ముందు కూర్చుంటే తండ్రి గోడ గడియారం ముందు కూర్చునేవారు. అయినా అదే చవక అనిపించింది. ఎందుకంటే 1995 ఆగస్టు 15న వీఎస్‌ఎన్‌ఎల్ దేశంలో ప్రజలకు ఇంటర్నెట్ ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు వృత్తినిపుణులకు 250 గంటల ఖాతా వెల 5,000 రూపాయలు. విద్యార్థులకు 500 రూపాయల ఖాతా ఉండేది, కాకపోతే అందులో బొమ్మలుండవు, అక్షరాలే.

బ్రాడ్‌బ్యాండ్ విధానం 2004 అక్టోబరులో వచ్చింది. సెకనుకు 256 కిలోబిట్లు దాటితే బ్రాడ్‌బ్యాండ్ అన్నారు. బీఎస్‌ఎన్‌ఎల్ డేటావన్ 2005 జనవరిలో మొదలైంది. 2007లో ఈ ఇంటికి వచ్చింది అయిదొందల రూపాయల ప్లాను. వేగం 2 ఎంబీపీఎస్ దాకా. నెలకు 2.5 జీబీ. ఆపైన వాడిన ప్రతి ఎంబీకి రూపాయికి కాస్త తక్కువ. రాత్రి రెండు నుంచి ఉదయం ఎనిమిది దాకా ఎంత వాడినా లెక్కలేదు.

వేగాన్నీ పరిమితినీ పక్కపక్కన పెట్టి చూస్తే తమాషాగా ఉంటుంది. 2 ఎంబీపీఎస్ వేగంతో 2.5 జీబీ మూడు గంటల్లోపే అయిపోతుంది. నెలలో మిగతా 717 గంటలూ మీటరు భయంతో గడపాలి. మోటారు సైకిలు ఇచ్చి నెలకు లీటరు పెట్రోలు పోసినట్టుండేది వ్యవహారం. అందుకని ఇంజనీరింగ్ చదివే కొడుకు అలారం పెట్టుకుని రెండింటికి లేచేవాడు. తల్లి ఒప్పుకునేది కాదు, ఆరోగ్యం పాడవుతుందని. తండ్రే కొడుకును వెనకేసుకొచ్చారు. ఒకప్పుడు కాల్ బాయ్ పుస్తకం పట్టుకొచ్చి తలుపు కొడితే ఏ అపరాత్రయినా లేచి బ్రేక్ వ్యాన్ ఎక్కిన మనిషికి రెండింటికి లేవడం వింత కాదు. ‘‘ఆ వేళ లైను ఖాళీగా ఉంటుంది. ఖాళీ లైనులో బండి నడిపితే ఎవరికి నష్టం?’’ అన్నారట అప్పుడు. ఒక నెలలో కొడుకు ఎనిమిదింటికి ఆపడం మరిచిపోయి కాలేజీకి పోయాడు. అదనంగా ఒక జీబీ చిల్లర నడిచింది. బిల్లు 800 పైన పెరిగింది. కంపెనీ తప్పేమీ లేదు, షరతు ముందే చెప్పింది. కానీ ఆ బిల్లు ఆయన నోట్‌బుక్‌లో ఇప్పటికీ ఎర్ర సిరాతో ఉంది.

ఈ పాత ప్లానులో ఒక ధర్మసూక్ష్మముంది. అది తర్వాతి కాలంలో కనిపించకుండా పోయింది.

కరెంటుతో పోలిస్తే సంగతి అర్థమవుతుంది. బిలాస్‌పూర్ మీదుగా రోజూ కోర్బా బొగ్గు రేకులు పోతూనే ఉంటాయి. పెద్దాయన ఉద్యోగ జీవితమంతా వాటి వెనకే గడిచింది. ఒక యూనిట్ కరెంటు వాడితే ఎక్కడో కొంత బొగ్గు కాలుతుంది. రెండు యూనిట్లు వాడితే రెట్టింపు కాలుతుంది. కాబట్టి యూనిట్ల లెక్కన వసూలు చేయడంలో న్యాయముంది. తక్కువ వాడే ఇంటికి తక్కువ రేటు పెట్టడంలోనూ న్యాయముంది. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2019 మార్చి నుంచి 400 యూనిట్ల దాకా సగం బిల్లు మాఫీ చేసింది. 2025లో ఆ పరిమితి తగ్గించినప్పుడు ఊరంతా అదే మాట్లాడుకుంది.

జీబీ వెనక అలా కాలిపోయే బొగ్గేమీ లేదు. కంపెనీకి ఖర్చంతా తీగ లాగడంలో, స్తంభాల అద్దెలో, ఎక్స్‌ఛేంజి పెట్టెల్లో, మనుషుల జీతాల్లో, పైనున్న పెద్ద గొట్టాన్ని టోకున కొనడంలో ఉంటుంది. ఆ పెద్ద గొట్టం ఎంత లావుండాలన్నది నెల మొత్తం వాడకం మీద ఆధారపడదు. రాత్రి ఎనిమిది, తొమ్మిది మధ్య అందరూ ఒక్కసారి ఎగబడినప్పుడు ఎంత కావాలన్నదే కొలత. మిగతా వేళల్లో అందులో ఎక్కువ భాగం ఖాళీగానే ఉంటుంది. కంపెనీలు ఒకే సామర్థ్యాన్ని చాలామందికి అమ్ముతాయి. ఇళ్ల కనెక్షన్లకు 50 మందికి మించి ఒకరి సామర్థ్యాన్ని పంచవద్దని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2009లో సూచించింది. రద్దీ వేళలో కూడా గొట్టం 80 శాతానికి మించి నిండకూడదని 2006 నాటి నాణ్యత నిబంధనల్లోనే రాసింది. అంటే మనవరాలి పాట ఆగిపోవడానికి రెండు కారణాలుండొచ్చు. ఇంట్లో వైఫై మీద తొక్కిసలాట ఒకటి, వీధి చివర గొట్టం ఇరుకు రెండోది. రెండింటిలోనూ పై వాటా అబ్బాయి రాత్రి రెండింటికి దింపుకున్న సినిమా ప్రమేయం సున్నా.

రద్దీ వేళకు ఒక ధర, ఖాళీ వేళకు ఇంకో ధర అన్నది రైల్వే ఊరికి కొత్త కాదు. గూడ్స్ రవాణాకు రద్దీ సీజనులో సర్‌చార్జీ వేసిన ఏళ్లున్నాయి. 2016 సెప్టెంబరులో రాజధాని, శతాబ్ది, దురంతో బండ్లలో ఫ్లెక్సీ చార్జీలు పెట్టి, ప్రతి పది శాతం సీట్లు నిండగానే పది శాతం చొప్పున యాభై శాతం దాకా పెంచారు. కరెంటుకు కూడా పగలొక ధర, సాయంత్రమొక ధర పెట్టే నిబంధనలు 2023లో వచ్చాయి. ఇళ్ల ఇంటర్నెట్ మాత్రం 2007లో పెట్టుకున్న రాత్రి రెండు గంటల గడియారాన్ని వదిలేసి జీబీల కొలబద్ద దగ్గరే ఆగిపోయింది.

దాని పేరు ‘ఫెయిర్ యూసేజ్’. అన్‌లిమిటెడ్ అని అమ్మి, లోపల ఒక గీత గీసి, గీత దాటగానే వేగం తొక్కేసే పద్ధతి. పేరులో న్యాయముంది. చాలా కాలం ఆ గీత ఎక్కడుందో కూడా గట్టిగా చెప్పేవాళ్లు కాదు. ట్రాయ్ 2012 జులైలో కలగజేసుకుని, గీత ఎక్కడో ముందే చెప్పాలనీ, దాటాక కూడా వేగం 256 కేబీపీఎస్ కన్నా తగ్గకూడదనీ ఆదేశించింది. 2016 అక్టోబరులో దాన్ని 512 చేసి, సగం వాడినప్పుడొకసారి, 90 శాతానికొకసారి, పూర్తయ్యాక మరోసారి కస్టమర్‌కు కబురు పెట్టాలంది. 2019 సెప్టెంబరులో జియోఫైబర్ 699 రూపాయలకు 100 ఎంబీపీఎస్ ప్రకటిస్తే దేశమంతా నోరు తెరిచింది. మొదట్లో ఇచ్చిన కొసరు వదిలేస్తే నెలకు 100 జీబీ. పూర్తి వేగంతో లాగితే అది రెండుంపావు గంటల సరుకు. పన్నెండేళ్ల తర్వాత అదే మోటారు సైకిలు, అదే లీటరు పెట్రోలు! ఏడాది తిరిగాక, 2020 సెప్టెంబరు నుంచి, 399 రూపాయలకు 30 ఎంబీపీఎస్ ఇచ్చి గీతను 3,300 జీబీ దగ్గరికి జరిపారు. మామూలు సంసారానికి అది కనిపించనంత దూరం.

దీన్ని మెచ్చుకోవాల్సిందే. మీటరు భయం పోయింది. గడియారం చూసుకోకుండా వాడుకోవడం మనుషులకు ఇష్టమని అమెరికాలో 1996లోనే తేలింది. అమెరికా ఆన్‌లైన్ ఆ ఏడాది డిసెంబరులో గంటల లెక్క ఎత్తేసి నెలకు 19.95 డాలర్లకు ఎంతైనా అనగానే జనం విరగబడి, లైను దొరక్క, కంపెనీ మీద కోర్టుల్లో కేసులు వేశారు. అదే దేశంలో టైమ్ వార్నర్ కేబుల్ 2009లో మళ్లీ జీబీల మీటరు పెట్టబోయి, జనం తిరగబడితే ఏప్రిల్‌లోనే వెనక్కి తగ్గింది.

అయితే గీత దూరం జరిగినప్పుడు ఎవరికి లాభమన్నది చూడాలి. 399 రూపాయలకు 3,300 జీబీ పూర్తిగా వాడితే జీబీ పన్నెండు పైసలు. 50 జీబీ వాడే వృద్ధ దంపతులకు అదే జీబీ ఎనిమిది రూపాయలు పడుతుంది. ఇంతకన్నా చిన్న మెట్టు కోసం చూస్తే వెతుక్కోవాల్సిందే. బీఎస్‌ఎన్‌ఎల్ 2022లో కొన్నిచోట్ల 329 రూపాయల ఫైబర్ ప్లాను పెట్టింది. ఆంధ్రప్రదేశ్‌లో 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ చేతులమీదుగా మొదలైన ఏపీ ఫైబర్‌నెట్ 149 రూపాయలకే టీవీ, ఫోను, కొద్దిపాటి ఇంటర్నెట్ కలిపి ఇస్తామంది. ఆ వార్త విని ఈ ఊరి తెలుగువాళ్లు కొందరు సొంత జిల్లాలోనే ఉండిపోయుంటే బాగుండేదని నవ్వుకున్నారు.

పై వాటా వాళ్లకు ఇంకో ఇబ్బంది ఉంది. ఆరు నెలలకో ఏడాదికో ముందే కడితే కంపెనీలు నెల రెండు నెలలు ఉచితమంటాయి. ఎప్పుడు ఏ డిపోకు బదిలీ అవుతుందో తెలియని మనిషి ఏడాదికి ముందే ఎలా కడతాడు? నిలకడైన సంపాదన, సొంత ఇల్లు ఉన్నవాళ్లకే చవక. అద్దె ఇళ్ల వాళ్లు, నెలనెలా వెతుక్కునే వాళ్లు పూర్తి ధర కడతారు. కింద వాటా వాళ్లదీ తిరకాసే. ఎండాకాలం రెండు నెలలు కొడుకు దగ్గరికి విశాఖ వెళ్తారు. కొళాయి కట్టేస్తే నీళ్లు ఆగుతాయి గానీ ఇంటర్నెట్ నెలసరి ఆగదు. వెనకటికి ల్యాండ్‌లైన్‌ను కొన్నాళ్లు ‘సేఫ్ కస్టడీ’లో పెట్టుకునే వీలుండేదని పెద్దాయన గుర్తుచేస్తారు.

సీజన్ టికెట్టు, రోజు టికెట్టు రెండూ ఉన్నప్పుడే ప్రయాణికుడికి న్యాయమని ఆయన లెక్క. రోజు టికెట్టు లాంటిది నిజానికి ఈ ఊళ్లోనే ఉంది, కాకపోతే ఇళ్లలో కాదు, స్టేషన్లో. రైల్వే సంస్థ రైల్‌టెల్ స్టేషన్లలో ఇచ్చే వైఫై రోజూ మొదటి అరగంట ఉచితం. 2021 మార్చిలో దానికి ప్యాకులు పెట్టినప్పుడు పది రూపాయలకు ఒక రోజు, 5 జీబీ. ఇంత సూటిగా ఉన్న ధర ఇళ్ల కనెక్షన్లలో కనిపించదు. చిన్న మెలిక ఒకటుంది. ప్రయాణం లేనివాడు దానికోసం ప్లాట్‌ఫారం మీదికి వెళ్లాలంటే ప్లాట్‌ఫారం టికెట్టు కొనాలి. దాని ధరా పది రూపాయలే.

మెట్ల దగ్గరి మాటల తర్వాత పెద్దాయన రెండు రోజులు లెక్క జోలికి పోలేదు. మూడో రోజు కొత్త ప్రతిపాదనతో వచ్చారు. మనుషుల లెక్కన వేద్దాం. పైన ముగ్గురు, కింద ఇద్దరు. 283, 188. ఆమె దానికీ ఒప్పుకోలేదు. లోకో పైలట్ నెలలో సగం రోజులు ఇంట్లోనే ఉండడు కదా, అతన్ని పూర్తి మనిషి కింద ఎలా లెక్కేస్తారు? పోనీ, పిల్ల చదువుకు వాడింది వదిలేసి సినిమాలకు వాడిందే లెక్క కడదామన్నారాయన. ఈసారి ఆమెకు కోపమే వచ్చింది. ‘‘మా సినిమా దండగా, అత్తయ్యగారి సీరియలు పుణ్యమా?’’

తెలియకుండానే ఆ ఇల్లాలు దేశం 2015, 2016లో పడిన తగువును రెండు ముక్కల్లో తేల్చేసింది. ఫేస్‌బుక్ ‘ఫ్రీ బేసిక్స్’ పేరుతో కొన్ని సైట్లు ఉచితంగా ఇస్తానని వచ్చినప్పుడు, ఏది చూస్తున్నారన్నదాన్ని బట్టి డేటా ధర మార్చకూడదని ట్రాయ్ 2016 ఫిబ్రవరి 8న నిబంధన తెచ్చింది. తప్పితే రోజుకు 50 వేల రూపాయల చొప్పున 50 లక్షల దాకా జరిమానా. బండి ఎక్కినవాడు పెళ్లికి పోతున్నాడా, కోర్టుకు పోతున్నాడా అని టికెట్ క్లర్కు అడగడు. పెద్దాయనకు ఈ పోలిక వెంటనే తట్టింది. ఆ ప్రతిపాదన కొట్టేశారు.

చివరికి కుదిరిన ఒప్పందం ఎవరూ కాగితం మీద రాయలేదు. తీగ ఇద్దరిదీ కాబట్టి నెలసరి సగం సగం. కింది వాళ్లు విశాఖలో ఉన్న రెండు నెలలూ మొత్తం పైవాళ్లే కట్టుకుంటారు. రాత్రి ఎనిమిది నుంచి ఎనిమిదిన్నర దాకా వీడియో కాల్‌కు దారి. ఆ అరగంట పైన ఫోనులో వీడియోలు బందు, కింద సీరియల్ బందు. పిల్ల ట్యూషన్ మాత్రం ఆపరు. రాత్రి పదకొండు తర్వాత ఎవరెంత వాడినా అడిగేవాళ్లు లేరు. జీబీల ఊసు ఎవరూ ఎత్తలేదు. పెద్దావిడ మాత్రం సీరియల్ సంగతిలో కొంచెం ముఖం ముడుచుకున్నారు. పెద్దాయన కూడా సందు చివరి గొట్టం ఇరుకైతే ఈ ఏర్పాటు ఏం చేస్తుందని మనసులో శంకిస్తూనే ఉన్నారు. మొదటి వారంలో నాలుగు రోజులు పాట ఆగకుండా వచ్చింది. రెండు రోజులు ఆగింది. ఆదివారం మనవరాలు ఎక్కడికో పుట్టినరోజు పార్టీకి పోయింది.

కథ ఇక్కడితో అయిపోవలసిందే. కానీ నెలాఖరున యాప్ తెరిస్తే పేరు తెలియని మరో ఫోను కనిపించింది. 11 జీబీ. ఎక్కువ భాగం అర్ధరాత్రి తర్వాతే. పెద్దాయన పైకి వెళ్లి అడిగితే ఆమె తడబడకుండా చెప్పింది. సందు మొదట్లో ఇస్త్రీ బండి పెట్టుకునే ఆవిడ కొడుక్కి పాస్‌వర్డ్ తనే ఇచ్చిందట. రైల్వే గ్రూప్ డి పరీక్షకు చదువుతున్నాడు. వాళ్ల అరుగు మీదికి సిగ్నల్ కాస్త అందుతుంది. 2024 జులైలో మొబైల్ కంపెనీలు రేట్లు పెంచాక ఆ తల్లి ఇంట్లో ఒకే ఫోనుకు రీచార్జి చేస్తోంది. అంతకుముందు అబ్బాయి మాక్ టెస్టులు దింపుకోవడానికి స్టేషన్‌కు పోయేవాడు. ఎర్నాకుళం స్టేషన్లో ఒక పోర్టరు ఇలాగే స్టేషన్ వైఫై మీద పాఠాలు విని 2018లో పీఎస్సీ రాత పరీక్ష పాసైన వార్తను అతను ఫోనులో దాచుకున్నాడు.

దేశంలో బ్రాడ్‌బ్యాండ్ వాడేవాళ్లు 2025 నాటి ట్రాయ్ లెక్కల్లో 94 కోట్లు. వాళ్లలో ఇంటికి తీగ ఉన్నవి నాలుగు కోట్ల పైచిలుకు కనెక్షన్లే. మిగతా అందరూ ఫోను రీచార్జి మీద బతుకుతున్నవాళ్లు. సగం కనెక్షన్ ధర 235 రూపాయలు కూడా ఆ ఇస్త్రీ ఇంటికి బరువే. ఇలాంటి వాళ్ల ధర సంగతి కంపెనీ లెక్కల పుస్తకంలో తేలేది కాదు. పల్లెల్లో తీగ కనెక్షన్ తీసుకునేవాళ్లకు నెలసరిలో సగం, 200 రూపాయలకు మించకుండా, ప్రభుత్వం తిరిగివ్వడాన్ని పరీక్షించాలని ట్రాయ్ 2021 ఆగస్టులో సిఫారసు చేసింది. తోర్వా పల్లె కింద రాదు. కేరళ 2023 జూన్‌లో ప్రారంభించిన కేఫోన్ పేద కుటుంబాలకు ఉచితమంది. అమెరికా పేద ఇళ్లకు నెలకు 30 డాలర్లు ఇచ్చిన పథకం రెండు కోట్ల ముప్పై లక్షల ఇళ్లకు చేరి, నిధులు అయిపోయి 2024 జూన్ నాటికి ఆగిపోయింది. న్యూయార్క్ రాష్ట్రం మాత్రం ఆ భారం కంపెనీల మీదే పెట్టి, పేద ఇళ్లకు 15 డాలర్ల ప్లాను ఇచ్చి తీరాలన్న చట్టాన్ని 2025 జనవరిలో అమల్లోకి తెచ్చింది. గూడ్స్ లాభంతో ప్యాసింజర్ నష్టం పూడ్చుకునే రైల్వేలో బతికిన మనిషికి ఇందులో వింతేమీ అనిపించదు. ఎవరు ఎవరి టికెట్టు మోస్తున్నారో బయటికి చెప్పి మోయాలంతే అంటారాయన.

పాస్‌వర్డ్ మార్చమని ఆయన అనలేదు. కిందికొచ్చి నోట్‌బుక్‌లో కొత్త నెల పేజీ తీసి గీతలు కొట్టారు. పై వాటా, కింద వాటా, వాటి కింద మూడో వరసలో ‘ఇస్త్రీ అబ్బాయి’ అని రాశారు. జీబీల గడిలో 11 వేశారు. వేళ గడిలో ‘రాత్రి’ అని రాశారు. రూపాయల గడి దగ్గర పెన్ను కాసేపు ఆగింది. ఆ గడి ఖాళీగానే ఉంది.

పాత అలవాటు చొప్పున ఆయనకు ఇప్పటికీ రాత్రి రెండింటికి మెలకువ వస్తుంది. మంచినీళ్లు తాగడానికి లేస్తే హాల్లో రౌటర్ పచ్చదీపం చకచకా కొట్టుకుంటూ ఉంటుంది. పైన అబ్బాయి డ్యూటీ దిగి వచ్చుంటాడు, లేదా సందు మొదట్లో అరుగు మీద ఫోను వెలుగుతూ ఉంటుంది.